నేను జబ్బునైన రెండు రోజులు

నేను ఒక గుడ్డముక్కను. జానెడు పొడవు, అంతకంటే కాస్త తక్కువ వెడల్పు, పసుపు రంగు. మామూలుగా అయితే నా గురించి ఇంతకుమించి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కాని ఆస్పత్రి కాగితాల్లో రెండు రోజులపాటు నేను తుంటి ఎముకలో కేన్సర్ని. పెద్ద చదువులు చదివిన డాక్టరమ్మ నన్ను తెర మీద చూసి నిట్టూర్చింది. నా వల్ల ఒక మనిషి మందులే మానేయబోయింది. అంత పేరు తెచ్చుకున్న గుడ్డముక్కను మీరు చూసి ఉండరు. అందుకే సిగ్గు విడిచి చెబుతున్నాను.

పుట్టినప్పుడు నేను తెల్లటి పంచెలో ఒక భాగాన్ని. శ్రీకాకుళం వైపు ఒక మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన మంచివాడే గాని, నేస్తున్నంతసేపూ తన బావమరిదిని తిడుతూ నేశాడు. నా పోగుల్లో కొంచెం కోపం ఉందంటే అది అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత నన్ను ఒక బడిపంతులు కొనుక్కుని పదకొండేళ్లు కట్టాడు. పిల్లలకు శుభ్రత గురించి పాఠం చెప్పి, చెప్పడం అయ్యాక నల్లబల్లను నా చెంగుతోనే తుడిచేవాడు. నేను చిరిగిపోయాక పంతులుగారి భార్య నన్ను ముక్కలు చేసింది. కొన్ని ముక్కలు దీపానికి వత్తులయ్యాయి. కొన్ని మనవడి అడుగున పక్కగుడ్డలయ్యాయి. వాటి గతి తలుచుకుంటే నేను అదృష్టవంతురాలినే. నన్ను మాగాయ జాడీ మూతికి వాసెన కట్టారు.

ఆ జాడీ ఒకరోజు పక్కింటి దాలమ్మ చేతికి వెళ్లింది. దాలమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో ఉండేది. పంతులుగారి భార్యకు ఆవిడ అప్పుడప్పుడు బద్దలైన జీడిపప్పు తెచ్చి ఇచ్చేది, దానికి బదులుగా ఈవిడ ఊరగాయ ఇచ్చేది. జాడీ వెళ్లింది, తిరిగి రాలేదు. ఆడవాళ్ల మధ్య జాడీలు తిరిగి రాకపోవడం స్నేహానికి గుర్తు అని తర్వాత తెలుసుకున్నాను.

దాలమ్మకు నలభై ఏడేళ్లు. జీడి నూనె తగిలి తగిలి ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. గొంతు మాత్రం గట్టిది. జీడి షెడ్డులో ఈ చివర కూర్చుని ఆ చివరున్నవాళ్లతో కబుర్లు చెప్పేది. ఆ గొంతు కిందే ఉసిరికాయంత గడ్డ వచ్చింది. మెడలో థైరాయిడ్ గ్రంథి ఉంటుందట, దానికి కేన్సర్ అన్నారు. విశాఖపట్నంలో కోసి తీసేశారు. తీయగా ఎక్కడైనా కేన్సర్ కణాలు ఒకటీ అరా మిగిలి ఉంటే వాటిని మాడ్చడానికి ఇంకో మందు మింగించాలన్నారు. ఆ మందు కిరణాలు చిమ్ముతుందని, నాలుగైదు రోజులు గదిలో ఒంటరిగా ఉండాలని చెప్పారు. దాలమ్మ గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది. పొద్దున్నే లేచి జాడీ మీది నన్ను పీకి, కుంకుడు రసంతో ఉతికి, పసుపు నీళ్లలో ముంచి ఆరేసింది.

రైలు గేటు పక్కన ఒక చిన్న గుడి ఉంది. అందులో ఉండే తల్లిని గేటు పోలమ్మ అంటారు. ఆ తల్లి ముందు దాలమ్మ నాలో ఒక రూపాయి బిళ్ల, చిటికెడు అక్షింతలు పెట్టి మూడు ముళ్లు వేసింది. జబ్బు పోతే ముడుపు తెచ్చి చెల్లిస్తానని మొక్కుకుంది. మామూలుగా ముడుపు దేవుడి గూట్లో పెడతారు. కాని అక్కడి పూజారి సింహాచలం చాదస్తుడు.

"ఒంటికి వచ్చిన జబ్బు గదా అమ్మా, ముడుపు ఒంటి మీదే ఉండాల. మొక్కు తీరేదాకా దించకు" అన్నాడు.

దాలమ్మ దించలేదు. మాగాయ మీద కూర్చునే నాకు హఠాత్తుగా దైవకార్యం అప్పగించేసరికి గర్వం తలకెక్కింది. కొన్నాళ్లపాటు తోటి గుడ్డలతో మాట్లాడటం కూడా మానేశాను.

విశాఖలో ఆ మందిచ్చే విభాగంలో ఇమ్మానియేలు అనే టెక్నీషియను ఉండేవాడు. గది గోడలకు సీసం, తలుపుకు సీసం, తిండి పెట్టే కిటికీకి సీసం. ఇమ్మానియేలు దాలమ్మకు ఆస్పత్రి చొక్కా, పైజమా ఇచ్చి, దూరంగా నిలబడి అడిగాడు.

"అమ్మా, గొలుసు, గాజులు, చెవులవి అన్నీ తీసేశారా? ఒంటి మీద మీవి ఇంకేమైనా ఉన్నాయా?"

"నాయేటీ నేవు బావూ" అంది దాలమ్మ.

ఆవిడ అబద్ధమాడలేదు. నేను ఆవిడదాన్ని కాదు, పోలమ్మదాన్ని. పోలమ్మ సొత్తు గురించి ఇమ్మానియేలు అడగలేదు. ఆవిడ నన్ను పైజమా నాడాకి ఎడమవైపు గట్టిగా కట్టి, చొక్కా దించుకుని మందు మింగడానికి వెళ్లింది.

ఆ మందు సంగతి కొంచెం చెప్పాలి. అది అయోడినే, మన ఉప్పులో ఉండేదే. కాకపోతే కిరణాలు చిమ్మే అయోడిన్. థైరాయిడ్ కణాలకు అయోడిన్ అంటే మహా ఆశ. ఒంట్లో ఏ మూల దాక్కుని ఉన్నా దాన్ని పీల్చుకుంటాయి, పీల్చుకుని మాడిపోతాయి. మూడు రోజుల తర్వాత కెమెరా కింద పడుకోబెడితే, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆ అయోడిన్ కొంత ఉమ్మిలోకీ, చెమటలోకీ కూడా వస్తుంది. కెమెరాకు మందు ఎక్కడుందో తెలుసు గాని, అది జబ్బులో ఉందా, జేబులో ఉందా అన్నది తెలియదు.

నోరు ఎండిపోకుండా పుల్లటివి చప్పరిస్తూ ఉండమని డాక్టరమ్మ హైమావతి చెప్పింది. దాలమ్మ ఇంటి నుంచి ఎండు ఉసిరి ముక్కలు తెచ్చుకుంది. పగలంతా బుగ్గన ఒక ముక్క పెట్టుకుని చప్పరించేది. భయం వేసినప్పుడల్లా మొక్కుకునేది. గది పైకప్పుకి ఇంకో మామూలు కెమెరా ఉంది, బయట కూర్చున్నవాళ్లు అన్నీ చూస్తారు. దేవుడితో చెప్పుకునే మాటలు ఊరందరికీ ఎందుకని, ఆవిడ దుప్పటి ముసుగు తన్ని, నన్ను నాడా నుంచి విప్పి, నోటికి ఆనించుకుని నాలోకే గుసగుసలాడేది.

"తల్లీ పోలమ్మా, నాకేటీ వద్దు. బతికుంటే సాలు. మా మావకి వంట రాదు."

ఒక్కో గుసగుసకూ నేను కొంచెం తడిసేదాన్ని. ఉసిరి పులుపుతో నాకు ఇబ్బంది లేదు, జాడీ మీద పెరిగినదాన్ని. ఆవిడ ఎంత భయపడిందో అన్నిసార్లు తడిశాను. ఆ మూడు రోజుల్లో ఆవిడ భయాన్ని నాకన్నా దగ్గరగా చూసినవాళ్లు లేరు. తలుచుకుంటే ఇప్పటికీ నా పోగులు బిగుసుకుంటాయి.

గురువారం పొద్దున్న దాలమ్మను కెమెరా కింద పడుకోబెట్టారు. తెర మీద బొమ్మ మెల్లగా తేలింది. మెడ దగ్గర చిన్న చుక్క ఉంది, అది ఉండాల్సిందే. పొట్టలో కొంత, మూత్రసంచిలో కొంత, అవీ ఉండేవే. ఎడమ తుంటి దగ్గర మాత్రం చింతగింజంత నల్లటి చుక్క దర్జాగా కూర్చుని ఉంది. అది నేనే. జీవితంలో మొదటిసారి నా ఫొటో తీశారు, చూసినవాళ్లందరి మొహాలూ మాడిపోయాయి.

హైమావతి తొందరపడే మనిషి కాదు. "ఉమ్మో, మూత్రమో బట్టలకి అంటి ఉంటుంది. ఇలాంటివి చాలా చూశాం. శుభ్రంగా స్నానం చేయించి, బట్టలు మార్పించి రేపు మళ్లీ తీద్దాం" అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ మనిషి పట్టేసింది అనుకున్నాను. నేను లేచి నిలబడి చెప్పలేను గదా, ఎవరో ఒకరు నన్ను పట్టుకోవాలి. దొంగ తనను పట్టుకోమని ఇంతగా కోరుకోవడం ఎక్కడైనా ఉంటుందో లేదో నాకు తెలియదు.

దాలమ్మ రెండుసార్లు సబ్బు పెట్టి ఒళ్లు రుద్దుకుంది. కొత్త చొక్కా, కొత్త పైజమా వచ్చాయి. ముడుపు మురికినీళ్లలో తడవకూడదని నన్ను జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టింది. స్నానమయ్యాక నన్ను చేతిలోకి తీసుకుని కాసేపు ఆలోచించింది. ఎడమవైపు చుక్క వచ్చిందని ఇమ్మానియేలు అనగా ఆవిడ విన్నది.

"ఎడంపక్క అచ్చిరానేదు తల్లీ, కుడిపక్కకి రా" అని నన్ను కొత్త నాడాకి కుడివైపు కట్టింది.

నేను మనసులో మొత్తుకున్నాను. గుడ్డ మొత్తుకుంటే ఎవరికి వినపడుతుంది?

శుక్రవారం బొమ్మ వచ్చింది. ఎడమవైపు చుక్క లేదు. కుడివైపు ఉంది, పైగా నిన్నటికంటే నల్లగా. ఆవిడ ఒంట్లోని మందు నీళ్లతో పాటు చాలావరకు పోయింది, నాలోది ఎక్కడికీ పోలేదు. అంచేత ఆ మనిషి మొత్తంలో నేనే మెరిసిపోతున్నాను.

హైమావతి తెర చూసింది, నిన్నటి బొమ్మ చూసింది, ఇమ్మానియేలును చూసింది.

"ఏవయ్యా, ఎముకలో జబ్బు బస్సులో సీటు మారినట్టు అటు నుంచి ఇటు మారుతుందా? నిన్న కుడి ఎడమలు తారుమారు చేశావు!"

"లేదు మేడమ్, ప్రభువు తోడు. కుడివైపు గుర్తుకి మార్కరు పెట్టే తీశాను."

"మరి ఇదేంటి?"

పాపం ఇమ్మానియేలు! పదహారేళ్ల సర్వీసులో అతను కుడి ఎడమలు మరిచిపోయింది లేదు. అతను తన రెండు చేతులూ ఎత్తి, ఏది ఏదో సరిచూసుకోవడం నేను కళ్లారా చూశాను. స్నానమయింది, బట్టలు మారాయి, అయినా చుక్క ఉంది. అంటే అంటుకున్న మరక కాదు, లోపలిదే అని డాక్టరమ్మ లెక్క. నిన్నటి బొమ్మ తిరగబడిందని, అసలు చోటు కుడి తుంటి అని ఆవిడ నిర్ణయించుకుంది. తెలివైనవాళ్ల తప్పులు ఇలాగే ఉంటాయి, ఒక్కో మెట్టూ సరిగానే ఉంటుంది.

మధ్యాహ్నం దాలమ్మను, ఆవిడ భర్త కూర్మారావును గదిలోకి పిలిచారు. కూర్మారావు లారీలకు మూటలెత్తే మనిషి, నాలుగు రోజులుగా వరండాలో పడుకుంటున్నాడు. దాలమ్మను గోడ పక్కన దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డాక్టరమ్మ బల్ల మీద కిరణాలు కొలిచే మీటరు ఉంది. దాలమ్మ ఒంట్లో మిగిలిన కాస్త మందుకి అది సన్నగా టిక్ టిక్ మంటోంది. తలుపు దగ్గర ఇమ్మానియేలు ఉరిశిక్ష పడ్డ మొహంతో నిలబడ్డాడు.

"అమ్మా, కంగారు పడకండి. తుంటి ఎముకలో ఏదో ఉన్నట్టు అనుమానం. ఇంకో స్కానింగ్ చేయాలి. ఉంటే గనక ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఈ మందు, ఇంకా పెద్ద డోసు" అంది హైమావతి.

కూర్మారావు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దాలమ్మ మాత్రం ఏడవలేదు.

"ఎముకల్లోకి ఎల్లిపోనాదేటి డాట్రమ్మా?"

"అనుమానమే అమ్మా, ఇంకా..."

"మా షెడ్డులో పారమ్మకి ఇలాగే ఎముకల్లోకి ఎల్లిపోనాది. ఏడాది మంచం మీద ఉండి సచ్చిపోనాది. ఉన్న ఇల్లు కూడా పోనాది. నాకు మరింక ఈ మందులు వద్దు. మావా, లెగు. ఇంటికి ఎల్లిపోదుం."

"ఏటే దాలీ ఆ మాటలు? డాట్రమ్మ సెప్పింది ఇను" అన్నాడు కూర్మారావు.

"ఎల్లిపోదుం అన్నాను గదా! ఉన్నన్నాళ్లు నా ఇంట్లో ఉంతాను."

ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ ఒళ్లు వణకడం నాకు నాడా మీదుగా తెలిసింది. ఆ వణుకు భయం కాదు. నన్ను నేసినాయన బావమరిదిని తిట్టేటప్పుడు మగ్గం అలాగే వణికేది. దాలమ్మ చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చింది. నన్ను కట్టిన ముడి ఒక్క గుంజుకి తెగింది.

"రోజూ మొక్కినాను గదే తల్లీ! పొద్దున్న మొక్కినాను, పడుకునే ముందు మొక్కినాను. ఇదేటి నువ్వు నాకు సేసింది? ఇంద, నీ ముడుపు నువ్వే ఉంచుకో!"

విసిరికొట్టింది. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నేను గాల్లో ఎగిరాను. పంచెగా ఉన్నప్పుడు కూడా అంత దూరం ఎగరలేదు. తిన్నగా వెళ్లి డాక్టరమ్మ బల్ల మీద, మీటరు పక్కన పడ్డాను.

మీటరు కీచుమని అరిచింది. అరుస్తూనే ఉంది. ముల్లు అటు చివరికి వెళ్లి అక్కడే తగులుకుపోయింది. హైమావతి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. కూర్మారావు పోలమ్మ పూనిందనుకుని దణ్ణం పెట్టాడు. ఇమ్మానియేలు మాత్రం మూడంగల్లో బల్ల దగ్గరికి వచ్చి, నన్నూ, దాలమ్మ కుడి తుంటినీ, మళ్లీ నన్నూ చూశాడు.

"అమ్మా, ఇది ఎక్కడ కట్టుకున్నారు?"

"నాడాకి."

"ఇవాళ కుడిపక్కా?"

"అవును."

"నిన్న?"

"ఎడంపక్క. అచ్చిరానేదని మార్సినాను."

ఇమ్మానియేలు డాక్టరమ్మ వైపు తిరిగి తన కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఆ ఎత్తడంలో పదహారేళ్ల సర్వీసు ఉంది. హైమావతి కుర్చీలోంచి లేచి "సారీ ఇమ్మానియేలూ" అంది. ఒక పెద్ద డాక్టరు అందరి ముందు ఆ మాట అనడం నేను అక్కడే చూశాను, మళ్లీ చూడలేదు.

వెంటనే దాలమ్మను మళ్లీ పడుకోబెట్టారు, ఈసారి నేను లేకుండా. రెండు తుంట్లూ తెల్లగా ఉన్నాయి. తర్వాత నన్ను ఒక్కదాన్నే ఆ పెద్ద బల్ల మీద రోగిలా పడుకోబెట్టి తీశారు. నేను నల్లగా నిండుగా వచ్చాను. అది చూపించి ఉమ్మి సంగతి, మందు సంగతి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కూర్మారావు అన్నీ విని తలూపాడు.

"అంటే జబ్బు నేదా?"

"లేదు."

"ఎముకల్లో కూడా?"

"ఎక్కడా లేదయ్యా. ఆ గుడ్డలోనే ఉంది."

అప్పుడు ఏడ్చింది దాలమ్మ. నాలుగు రోజులుగా ఏడవనిది, గోడకు ఆనుకుని కిందికి జారి, బొంగురు గొంతుతో హోరున ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను కళ్లకద్దుకుందామని వస్తే ముగ్గురూ ఒక్కసారిగా "ముట్టుకోకు!" అని అరిచారు. నాకు మాత్రం ఎంతో హాయిగా అనిపించింది. నేరం రుజువైనందుకు అంత సంతోషించిన ముద్దాయి ఉండడు.

మందు బలం ఎనిమిది రోజులకోసారి సగం తగ్గుతుందట, ఎనభై రోజులు ఆగితే దాదాపు ఏమీ మిగలదట. అందుకని నన్ను సీసం పెట్టెలో పెట్టారు. ఇమ్మానియేలు దాని మీద తేదీ వేసి, "దాలమ్మగారి తుంటి ఎముక, జాగ్రత్త" అని రాశాడు. అందులో నాకు తోడు ఒక తలగడ గలీబు, ఎవరో పెద్దమనిషి కట్టుడు పళ్లు. ఆ పళ్లు కూడా నాలాంటి నేరం చేసే వచ్చాయి. దవడ ఎముకలో ఉన్నట్టు ఒకరోజంతా డాక్టర్లను భయపెట్టాయట. ఒక్కరోజే. నేను రెండు రోజులు అని వాటికి నమ్రతగా చెప్పాను.

నా ఫొటో మాత్రం చదువుకునే పిల్లలకు పాఠమైపోయింది. ప్రతి కొత్త బ్యాచికీ హైమావతి అది చూపించి "ఇదేంటి?" అని అడుగుతుందని, అందరూ "బోన్ మెటాస్టాసిస్" అని ముక్తకంఠంతో అంటారని ఇమ్మానియేలు ఎవరితోనో అనగా విన్నాను. ఎముకకు పాకిన కేన్సర్ అని దాని అర్థం. బడిపంతులు పంచెగా ఉన్న రోజుల్లో కూడా పిల్లలందరూ ఒకేసారి తప్పు చెప్పడం చాలాసార్లు విన్నాను.

ఎనభై రోజుల తర్వాత దాలమ్మ వచ్చి నన్ను తీసుకెళ్లింది. నేరుగా గేటు పోలమ్మ దగ్గరికి వెళ్లి, గడప బయటే ఆగిపోయింది.

"సింహాచలం బావూ, నాను కోపంలో తల్లి ముడుపు ఇసిరికొట్టినాను. తప్పుకి దండం పెట్టాలా, జబ్బు పోయినందుకు మొక్కు సెల్లించాలా?"

సింహాచలం అంతా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఇసరకపోతే ఏటయిపోదువమ్మా?"

"మందులు మానేసి ఇంటికి ఎల్లిపోదును."

"మరింకేటి? తల్లే ఇసిరించింది. లోపలికి రా."

నాకు తెలిసినంతవరకు నన్ను విసిరింది దాలమ్మే. ఎంత భక్తిగా పట్టుకున్నన్నాళ్లూ నేను ఆవిడకు జబ్బునే అయ్యాను, కోపం వచ్చి వదిలేశాకే ఆవిడ ఒంట్లో జబ్బు లేదని తేలింది. కాని నేను పూజారితో వాదించే దాన్ని కాను. ఆయన ముళ్లు విప్పి, బిళ్లను తల్లి పాదాల దగ్గర పెట్టి, నన్ను గుడి వెనక పసుపు గుడ్డల కుప్ప మీదికి గిరాటేశాడు.

ఇక్కడ నాలాంటివాళ్లం వందమందిమి ఉన్నాం. ఒకడు ఉద్యోగం తెచ్చానంటాడు, ఒకతె కవలల్ని పుట్టించానంటుంది. నన్ను అడిగితే ఏమీ చేయలేదని చెప్పాను. నేనేం తీర్చలేదు, దొరికిపోయానంతే. వాళ్లకు అర్థం కాలేదు.

ఆ రోజు కుప్ప మీంచి నాకు రోడ్డు కనిపించింది. దాలమ్మ మొగుడి మీద ఏదో విషయానికి గట్టిగా కేకలేస్తూ నడుస్తోంది. ఆ గొంతు షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేంత ఉంది. బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఆవిడ నా వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. జబ్బుగా బతికినదాన్ని, ఆవిడ చూడనందుకు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.